ఇంటికో బస్తా

కారంలో ఉప్పు ఉందని ఫోన్లో ఆ అమ్మాయి చెప్పినప్పుడు ఖుర్షిదాకి ముందు నవ్వొచ్చింది. ఈ చుట్టుపట్ల ఏ ఇంట్లో జాడీ మూత తీసినా కారంలో ఉప్పు ఉంటుంది. లేకపోతేనే వింతగా చెప్పుకోవాలి. కానీ ఫోన్ వచ్చింది పక్కింటి నుంచి కాదు, మంగళగిరి నుంచి. మిలిటరీకి పోయే సరుకుల శాంపిళ్లు పరీక్ష చేసే చోటు నుంచి.

"వట్టి ఎండుమిరప పొడి అన్నారు కదండీ. ఇందులో ఉప్పు కలిసింది. శాంపిల్ ఫెయిలండీ. ఇంకొక్కసారి పంపే అవకాశం ఉంది. అదీ పోతే ఈ ఏడాదికి ఇక లేదు."

నవ్వు సగంలోనే ఆగిపోయింది. ఫోన్ పెట్టేసి ఆమె మర వైపు చూసింది. మర అంటే పెద్దదేం కాదు. ప్రత్తిపాడు దాటి పొలాల్లోకి తిరిగే చోట ఒక రేకుల షెడ్డు, అందులో వరసగా నిలబెట్టిన ఇనప రోకళ్లు, వాటి కింద రోళ్లు. కరెంటిస్తే రోకళ్లు వంతులవారీగా లేచి పడతాయి, దంపుళ్లకి కూర్చున్న ఆడవాళ్ల చేతుల్లోలాగే. ఒకప్పుడు ఆ చప్పుడికి అలవాటు పడిన చంటిపిల్లలు కరెంటు పోయి మర ఆగితే ఉయ్యాల్లో లేచి ఏడ్చేవారు. ఇప్పుడు జనం కారాన్ని పొట్లాల్లో కొనుక్కుంటున్నారు. పిల్లలు దేనికి ఏడుస్తున్నారో తెలియదు.

మిలిటరీ ఆర్డరు రాకపోతే పండగ వెళ్లగానే మర అమ్మేయడమే. ఆ మాట ఆమె భర్త బుడే అప్పుడే నలుగురిలో అనేశాడు కూడా. నల్లపాడు దగ్గర కోల్డ్ స్టోరేజీ ఉన్న నాగేంద్రబాబు అతనికి వాచ్‌మన్ పని ఇస్తానన్నాడు. కుర్చీ, టార్చిలైటు, కూర్చున్న చోటికే టీ. అడక్కుండానే దొరికే ఆ కుర్చీ మాట ఎత్తితే ఖుర్షిదా అక్కణ్ణుంచి లేచిపోయేది.

మిలిటరీకి ఇన్నేళ్లూ కారం పంపింది నాగేంద్రబాబు ఒక్కడే. కిందటేడు తుఫానుకి అతని మిల్లులో నీళ్లు నిలిచి, మోటార్లు తడిసి, వారాల తరబడి పని ఆగిపోయింది. ఆ వారాలన్నీ ఎక్కడో మంచుకొండల మీద కాపలా ఉన్న కుర్రాళ్లు చప్పిడి కూరలు తిన్నారట. అందుకని ఈసారి ఒక్కరి మీదే ఆధారపడకుండా మూడు చోట్ల కొంటామన్నారు. పెద్ద వాటా నాగేంద్రబాబుదే. ఒక వాటా కర్ణాటకలో ఎవరిదో. మిగిలిన చిన్న వాటాకి ఖుర్షిదా కారం చూస్తున్నారు.

షెడ్డు వెనక కల్లంలో మిరపకాయలు ఎర్రగా పరుచుకుని ఉన్నాయి. ఎండకి ఆ ఎరుపు కాస్త పైకి లేచి గాలిలో ఊగుతున్నట్టు కనిపిస్తుంది, అందులోనూ ఒక్కపొద్దు ఉన్న కళ్లకి. రంజాన్ నెల కదా. ఆ ఎరుపు మధ్యన ముసుగు కట్టుకుని కూర్చుని తొడిమలు తీస్తోంది సుబ్బరావమ్మ. తొడిమలు తీసే ఆడవాళ్లందరికీ పెద్ద ఆమె. ఊరందరికీ అత్త.

"అత్తా, కారంలో ఉప్పేశావా?"

"ఏశా. ఏం, తక్కువైందా?"

ఖుర్షిదా కల్లం గట్టు మీద అలాగే కూలబడింది. "ఎంతేశావు?"

"దోసెడు కల్లుప్పు. రోట్లో కాయలు పడంగానే ఏశా. కారం దంచేటప్పుడు ఉప్పెయ్యకుండా ఎవరన్నా దంచుతారా అమ్మాయ్? పురుగు పట్టదూ? ఎవరో కన్నబిడ్డలు తింటారు గదా, నాలుగు రోజులు నిలవుండాలని ఏశా."

తప్పు ఖుర్షిదాది కూడా. మామూలు రోజుల్లో అయితే చిటికెడు నాలుక మీద వేసుకుని చూసేది. ఒక్కపొద్దు నోటితో రుచి చూడకూడదు కాబట్టి ఏటా ఈ నెలంతా రుచి చూసే పని సుబ్బరావమ్మకే వదిలేస్తుంది. సుబ్బరావమ్మ చూసింది. అద్దిరిపోయిందంది. ఉప్పు తనే వేసుకున్నాక అదరక ఏం చేస్తుంది!

సంగతి చెప్పగానే సుబ్బరావమ్మ చేతిలో కాయ చేతిలోనే ఉండిపోయింది. ముసుగు పైన కనిపించేవి రెండు కళ్లే. అవి నిండిపోయాయి. కారం వల్ల నిండే కళ్లకీ, మనసు నొచ్చి నిండే కళ్లకీ తేడా ఆ కల్లంలో అందరికీ తెలుసు.

"నీ మర నేనే ముంచాను గదా అమ్మాయ్," అంది.

"ఊరుకో అత్తా. ఇంకోసారి పంపమన్నారు."

*

మర్నాడు పొద్దెక్కాక నాగేంద్రబాబు కారు షెడ్డు ముందు ఆగింది. తెల్ల చొక్కా, చేతిలో రెండు ఫోన్లు. చెడ్డవాడేం కాదు. తుఫాను రోజుల్లో తన స్టోరేజీ వరండాలో ఊళ్లకి ఊళ్లని పడుకోబెట్టి అన్నం పెట్టాడు. ఎవరికైనా సాయం చేయాలనిపిస్తే చేస్తాడు. కాకపోతే సాయం పొందినవాళ్లు ఆ తర్వాత ఎప్పటికీ తన నీడలోనే ఉండాలనుకుంటాడు, అంతే.

"ఏం చెల్లెమ్మా, ఉప్పు ఎక్కువైందటగా?" అన్నాడు నవ్వుతూ.

కబురు అప్పుడే నల్లపాడు దాకా పోయింది. గుంటూరు జిల్లాలో కారం ఘాటు కన్నా కబురు ఘాటు ముందు పాకుతుంది.

డ్రైవరు డిక్కీలోంచి చిన్న గోనెసంచి తెచ్చి గుమ్మంలో పెట్టాడు.

"ఇది మా మిల్లు కారం. ఎన్నో ఏళ్ల నుంచి పాసవుతున్న కారం. దీన్నే నీ శాంపిల్‌గా పంపు. తర్వాత ఆర్డరు వచ్చాక కూడా నువ్వు కష్టపడొద్దు. పొడి నేనిస్తా, నువ్వు పొట్లాలు కట్టి నీ పేరేసి పంపు. ఆడవాళ్లకి పొట్లాలు కట్టే పని దొరుకుతుంది. నీకు ఈ దుమ్ము తప్పుతుంది."

"మరి మిలిటరీవాళ్లు నా మర కావాలనేగా అడిగింది?"

"వాళ్లకి కావాల్సింది ఇంకో పేరు. పేరు నీది, సరుకు నాది. ఎవరికి నష్టం చెప్పు?"

ఖుర్షిదా కొంగుతో మొహం తుడుచుకుంది. ఎవరికి నష్టమో ఆమెకీ వెంటనే తోచలేదు. "ఆలోచించుకుంటానన్నయ్యగారూ," అంది.

కారు వెళ్లిపోయింది. సంచి గుమ్మంలో ఉండిపోయింది. బుడే దాన్ని ఎత్తి షెడ్డు లోపల పెట్టి, మూతి విప్పి చూసి, "రంగు బావుంది" అన్నాడు ఎవరితోనో అన్నట్టు. ఖుర్షిదా మధ్యాహ్నం నమాజు చేసుకుని, గోడకి ఆనుకుని కళ్లు మూసుకుంది. దాహంతో ఉన్నప్పుడు వచ్చే నిద్ర ఒక రకంగా ఉంటుంది. లోపలికి పోదు, పైపైన తేలుతుంది.

ఆమె మంచు ఎప్పుడూ చూడలేదు. చిన్నప్పుడు చినగంజాం వైపు చుట్టాలింటికి వెళితే అక్కడ ఉప్పుమడులు చూసింది. ఎండలో తెల్లగా, చూపు ఆనే దాకా ఉప్పు కుప్పలు. మంచుకొండలంటే ఆమెకి ఎప్పుడూ అవే కళ్లల్లో మెదులుతాయి. ఇప్పుడూ అవే వచ్చాయి. ఉప్పు కుప్పల మీద కుర్రాళ్లు ఆకుపచ్చ బట్టలతో బారులు తీరి కూర్చున్నారు. కంచాల్లో తెల్లటి అన్నం, పక్కన తెల్లటి కూర. అందరూ తలలు తిప్పి ఒకటే తలుపు వంక చూస్తున్నారు. ఆ తలుపు మూసి ఉంది. ఆమె చేతిలో గిన్నెనిండా కారం ఉంది. వెళ్దామంటే ఆమె కూడా ఆ తలుపు వెనకే ఉంది. ఇంకో తలుపు కోసం గోడంతా తడుముతోంది. చేతికి ఉప్పు తగులుతోంది గానీ తలుపు తగలడం లేదు.

మెలకువ వచ్చేసరికి ఆమె అరచెయ్యి నిజంగానే గోడ మీద ఉంది. లేచి వెళ్లి సంచి మూతి బిగించి కట్టింది.

"ఏవయ్యా, ఇది నల్లపాడులో ఇచ్చేసిరా."

"నీకేమన్నా పిచ్చా?" అన్నాడు బుడే. "ఈసారి కూడా పోతే?"

"పోతే మన కారం పోతది. ఆయన మిల్లు మళ్లీ ఆగితే మన పేరుతో ఏం పంపుతాం? పేరు కూరలో వేస్తారా?"

బుడే గొణుక్కుంటూ సంచిని బండి మీద వేసుకున్నాడు. వెనక్కి తిరిగి, "మహారాణీ, ఇఫ్తారుకి పుచ్చకాయ తేనా, లేక నీ పౌరుషంతోనే ఒక్కపొద్దు విడుస్తావా?" అన్నాడు. ఆమెకి నవ్వాగలేదు. మనిషి గొణుగుతాడు గానీ సంచి మాత్రం తీసుకెళ్లాడు.

*

రోళ్లు శుభ్రం చెయ్యడమే ఒక పూట పని. పాత కారం గోడలకి పట్టేసి ఉంటుంది. ఊక పోసి రోకళ్లు తిప్పి, ఆ ఊకని ఎత్తి పారబోసి, మళ్లీ పోసి, బట్టతో తుడిచి, ఆ బట్టని ముక్కు దగ్గర పెట్టుకుని చూసింది ఖుర్షిదా. కల్లంలో కాయలు చేత్తో పట్టుకుని విదిలిస్తే లోపల గింజలు గలగలమనేదాకా ఎండాయి. తెల్లబడిన తాలు కాయలు ఏరేశారు. తొడిమలు తీసేశారు.

సుబ్బరావమ్మ మాత్రం పనికి వచ్చి దూరంగా కూర్చుంది. చేతులు వెనక్కి పెట్టుకుని.

"రా అత్తా, రోటి దగ్గర కూర్చో."

"నేన్రాను. నా చేతులు ఊరుకోవు. అలవాటుగా వెళ్లి ఉప్పు డబ్బాలో పడతయ్యి."

"అందుకే రమ్మంటున్నా. ఉప్పు పడకుండా చూసే పని నీదే."

ముసలామె కాసేపు బెట్టు చేసింది. తర్వాత లేచి వచ్చి, చీర కుచ్చిళ్లు దోపుకుని రోటి పక్కన పీట వేసుకుంది. రోకళ్లు లేచి పడుతుంటే ఎర్రటి పొగ ఒకటి నెమ్మదిగా లేచి రేకుల దాకా పోయింది. రేకుల్లో కంత ఉన్నచోట సన్నటి ఎండ కడ్డీ దిగింది, అందులో కారం ధూళి తిరుగుతూ ఉంది. లోపలున్నవాళ్లంతా తుమ్మారు, ఒకరి తర్వాత ఒకరు, రోకళ్ల లెక్కనే. గొంతు మండుతున్నా ఖుర్షిదా నీళ్లు తాగలేదు. సుబ్బరావమ్మ తన గ్లాసు కూడా పక్కకి పెట్టేసింది. నువ్వు తాగమన్నా తాగలేదు.

చివర్లో సుబ్బరావమ్మ చిటికెడు పొడి నాలుక మీద వేసుకుని మొహం వికారంగా పెట్టింది.

"ఎట్టా ఉంది?"

"దిక్కుమాలిన కారం. ఉప్పు లేదు. పంపు."

మంగళగిరి నుంచి మళ్లీ ఫోన్ వచ్చింది. ఈసారి ఆ అమ్మాయి గొంతులోనే తెలిసిపోయింది. శాంపిల్ పాసయింది. సార్ ఒకాయన మీ మర చూడ్డానికి వస్తారండీ, ఆయన సరేనంటే ఆర్డరు మీదేనండీ అంది. ఖుర్షిదా ఫోన్ గుండెకి ఆనించుకుని ఎండలోకి వెళ్లి నిలబడింది. సంతోషం వస్తే ఆమెకి ఎండలో నిలబడాలనిపిస్తుంది. అది ఎందుకో ఆమెకీ తెలియదు.

*

వచ్చినాయన పేరు ఇమ్మానియేలు. సుబేదారు. అద్దంకి వైపు మనిషి. యూనిఫాం వేసుకోకుండా మామూలు చొక్కాలో రావడంతో సుబ్బరావమ్మ ఆయన్ని మోటారు బాగుచేసేవాడనుకుని, ఇంత ఆలస్యమా అని కేకలేసింది. ఆయన నవ్వాడు. కుర్చీ వేస్తే కూర్చోలేదు. రోళ్లు చూశాడు, మోటారు చూశాడు, నీళ్లు ఎక్కడ నిలుస్తాయో అడిగాడు. కరెంటు పోతే ఏం చేస్తారని అడిగాడు. జనరేటరు అద్దెకి దొరుకుతుందని బుడే చెప్పాడు.

"ఉప్పు సంగతి విన్నానమ్మా," అన్నాడు. "మొదటి శాంపిల్ మిగిలింది నేనూ చిటికెడు నోట్లో వేసుకున్నా. మా అమ్మ గుర్తొచ్చింది. కానీ ఏం చెయ్యను, మా వాళ్లకి ఉప్పు వేరేగా పోతుంది. రెండూ కలిస్తే వంటవాడికి లెక్క తప్పుతుంది."

"సార్, మంచు ఉప్పులాగా ఉంటదా?" అని అడిగేసింది ఖుర్షిదా. అడిగాక సిగ్గుపడింది.

"ఉంటుందమ్మా. పొద్దున పూట కల్లుప్పులాగే ఉంటుంది. దాని మీద కూర్చుని కారం లేని కూర తింటుంటే ఎట్టా ఉంటుందంటే, ఇంటి నుంచి ఉత్తరం వచ్చి అందులో ఏం రాయకపోతే ఎట్టా ఉంటుందో అట్టా ఉంటుంది. కిందటేడు తిన్నాం. అందుకే వచ్చాను."

ఖుర్షిదా తల ఊపింది. ఆ ఉప్పు కుప్పలు మళ్లీ కళ్ల ముందుకి వచ్చాయి.

"ఒక్కటే మాట అడుగుతా. నాగేంద్రబాబు గారికి ఏదన్నా జరిగి అక్కడ అంతా ఆగిపోయిందనుకోండి. మీ మర ఆడుతుందా?"

"ఆడుతుంది సార్. మా మోటారు మాది, మా రోళ్లు మావి."

"సరే. కాయలు ఎక్కడున్నాయి?"

ఈ ప్రశ్న వస్తుందని బుడే ముందు రోజే అన్నాడు. అంతా ఇక్కడే ఉందని చెప్పు, వెళ్లి ఎవడు చూస్తాడు అన్నాడు. ఇప్పుడు ఆయన వెనక నిలబడి కళ్లతో అదే చెప్తున్నాడు. ఊళ్లో రైతులు ఖుర్షిదా కోసమని ఆపి ఉంచిన బస్తాలన్నీ నల్లపాడులో ఉన్నాయి, నాగేంద్రబాబు కోల్డ్ స్టోరేజీలో. అందరి కాయలూ అక్కడికే పోతాయి. అది తప్పని ఎవరికీ ఎప్పుడూ తోచలేదు. పొద్దు పడమటికి పోయినట్టు కాయలు నల్లపాడు పోతాయి.

ఇక్కడే ఉన్నాయి సార్, అనడానికి ఆమె నోరు తెరిచింది. పొద్దుటి నుంచి మంచినీళ్లు కూడా తగలని నోరు. ఎండిపోయి, నాలుక అంగిలికి అంటుకుంటోంది. ఈ నోటితో అబద్ధమాడితే ఇక ఆకలితో మాడి ఏం లాభం అనిపించింది.

"కల్లంలో ఉన్నవి కొన్ని, సార్. మిగతావన్నీ నాగేంద్రబాబుగారి స్టోరేజీలోనే ఉన్నయ్యి."

బుడే కళ్లు మూసుకున్నాడు.

సుబేదారుకి కోపం రాలేదు. కోపం వచ్చినా బాగుండేది. ఆయన కల్లం వైపు చాలాసేపు చూశాడు. "ఆ స్టోరేజీలో నిప్పు పడితే ఆయన కాయలతో పాటు మీ కాయలూ పోతాయి కదమ్మా. అప్పుడు నా లెక్కలో మీరిద్దరూ ఒకరే. ఈ జిల్లాలో నాకు కావాల్సింది ఇద్దరు." ఆగి, మెల్లిగా అన్నాడు, "నిజం చెప్పినందుకు సంతోషం. ఎల్లుండి దాకా గుంటూర్లోనే ఉంటాను. ఏదన్నా దారి దొరికితే కబురు పెట్టండి."

ఆయన వెళ్లిపోయాక బుడే, "నిజం చెప్పినవాళ్లకి మర పోవడం, పెదవి కదపని నాగేంద్రబాబుకి ఆర్డరు. బాగుంది న్యాయం," అని బండి తీసుకుని ఎటో పోయాడు. ఖుర్షిదాకి ఏడుపొచ్చింది. ఆపుకోలేదు. కారం దుమ్ము అంటిన చేత్తో కళ్లు తుడుచుకుని ఇంకా ఎక్కువ ఏడ్చింది.

సుబ్బరావమ్మ వచ్చి, చేతులు పట్టుకుని, నీళ్ల తొట్టి దగ్గరికి నడిపించి మొహం కడిగింది. చిన్నపిల్లకి కడిగినట్టు కడిగింది.

"నన్నెవరూ అడగలేదు గానీ, ఆ స్టోరేజీ కట్టకముందు కాయలు ఎక్కడుండేయి?"

"ఎక్కడుండేయి?"

"మా నెత్తి మీద. అటకల మీద. వేపాకు పరిచి, చీకట్లో, పైన చాప కప్పి. శ్రావణం దాకా రంగు చెక్కు చెదిరేది కాదు. తర్వాత కాస్త మాసేది గానీ ఘాటు ఎక్కడికి పోద్ది? రాత్రిళ్లు కింద పడుకుని తుమ్ముకుంటా నిద్దరపోయేవాళ్లం. నా పెళ్లయిన మొదటేడంతా తుమ్ములే."

"ఊళ్లో ఎవరు పెట్టుకుంటారత్తా ఇప్పుడు?"

"ఎవరు పెట్టుకోరో చూద్దాం పద. ఒక కన్ను కన్నూ కాదు, ఒక కొడుకు కొడుకూ కాదు అని ఊరికే అన్నారా? ఒక కొట్టు మాత్రం కొట్టెట్టా అవుద్ది?"

*

ఇల్లిల్లూ తిరగడం మొదలుపెట్టిన కాసేపటికే అడగాల్సిన అవసరం లేకపోయింది. సుబ్బరావమ్మ వీధి మొదట్లో నోరు తెరిస్తే వీధి చివరన వినపడుతుంది. సగంమంది ఆడవాళ్లు కల్లంలో తొడిమలు తీసేవాళ్లే. మర పోతే వాళ్ల పనీ పోతుంది. ఇంటికో బస్తా అంది ఒకామె. మా ఇంటికి రెండు అంది ఇంకొకామె. తొడిమలు తీసేవాళ్లలో అటక లేని ఫిజా, మంచం కింద పెట్టుకుంటానంది. కొత్తగా పెళ్లయిన పిల్ల, మొగుడు తుమ్మితే తుమ్మనీ అంది.

మర్నాడు నల్లపాడు వెళ్లి అడిగితే బస్తాలు ఇవ్వడానికి నాగేంద్రబాబు కాదనలేదు. ఆయన కుర్చీలోంచి లేవకుండానే, "తీసుకెళ్లు చెల్లెమ్మా, నీ ఇష్టం. కానీ చోటు ఒకసారి ఖాళీ చేస్తే వచ్చే ఏడు మీ ఊరి కాయలకి నా దగ్గర చోటుండదు. తర్వాత అనుకోకూడదు," అన్నాడు.

స్టోరేజీ ముందు, ఖాళీ ట్రాక్టరు పక్కన నిలబడి ఉన్న రైతులు ఖుర్షిదా మొహం చూశారు. వచ్చే ఏడంటే వాళ్లందరి కాయలు. ఆమె సుబ్బరావమ్మ కోసం చుట్టూ వెతికింది. సుబ్బరావమ్మ లేదు, ఊళ్లో అటకలు తుడుస్తోంది. వెనక నుంచి బుడే గొంతు వినపడింది. ఎప్పుడొచ్చాడో తెలియదు.

"వచ్చే ఏడు సంగతి వచ్చే ఏడు చూసుకుందాం. ఎక్కించండయ్యా," అన్నాడు.

స్టోరేజీ తలుపు తెరిస్తే లోపలి చలి తెల్లగా బయటికి వచ్చింది. ఆ చలిలోంచి ఎర్రటి కాయల బస్తాలు ఒక్కొక్కటే ఎండలోకి నడిచొచ్చాయి. ఖుర్షిదా ఆ తెలుపు వైపు చూస్తూ నిలబడిపోయింది. ఇదే మంచు కాబోలు అనుకుంది. మంచులోంచి వస్తున్నాయి, మళ్లీ మంచులోకి పోతాయి, మధ్యలో కొన్నాళ్లు మా ఇళ్లల్లో ఉంటాయి.

ఆ తర్వాతి రోజు సాయంత్రం, కబురు అంది సుబేదారు వచ్చాడు. ఆమె ఆయన్ని షెడ్డుకి తీసుకెళ్లలేదు. వీధుల్లో నడిపించింది. ప్రతి గుమ్మం దగ్గరా ఆగారు. వేపాకు వాసన, ఎండుమిరప వాసన కలిసి ఊరంతా మత్తుగా ఉంది. ఎక్కడో ఒక తుమ్ము, దానికి బదులుగా ఎదురింట్లో ఇంకో తుమ్ము. ఒకరి అటక మీద బస్తా పక్కన పాత ఉయ్యాల ఉంది. ఒకరింట్లో బస్తాకి పసుపూ కుంకుమా పెట్టారు. ఫిజా మంచం కింద నుంచి బస్తా లాగి చూపించి, దీని పైన పడుకుంటే ఒళ్లంతా చురచురమంటోంది సార్ అంది.

సుబేదారు ఒక్కో ఇంట్లో తల వంచి లోపలికి వెళ్లి, ఒక్కో ఇంట్లోంచి తల పంకిస్తూ వచ్చాడు. వీధి చివరికి వచ్చేసరికి మసీదులోంచి ఒక్కపొద్దు విడిచే సైరన్ మోగింది. సుబ్బరావమ్మ తన గుమ్మంలోంచే ఖుర్షిదాకి ఖర్జూరం అందించింది, నీళ్లు అందించింది. ఆయనకి వేడన్నంలో నెయ్యి వేసి, ఆ మొదటి దంపుడు కారం, ఉప్పు పడిందే, కలిపి పెట్టింది.

ఆయన ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అవి ఏ రకం నీళ్లో ఎవరూ అడగలేదు.

"ఎన్ని చోట్ల నిప్పు పడితే మీ సరుకు పోతుందమ్మా?" అన్నాడు చివరికి.

"ఊరంతా తగలబడాలి సార్," అంది సుబ్బరావమ్మ. "అప్పుడు కారం లేదని ఏడ్చేదానికి మేమూ ఉండం."

ఆయన చెయ్యి కడుక్కుని, తువ్వాలుతో తుడుచుకుని, ఖుర్షిదాతో అన్నాడు. "మీది వేరే లెక్క అని రాస్తానమ్మా. మొదటి బండి పండగ వెళ్లాక పంపండి. ఈ కారం ఒక పొట్లం నాకు వేరేగా కట్టివ్వండి. ఆర్డరులోది కాదు. ఉప్పుది."

*

ఆ మర్నాడు పొద్దున్నే రోకళ్లు మొదలయ్యాయి. ఖుర్షిదా రోటి దగ్గర ఉండగా షెడ్డు ముందు కారు ఆగిన చప్పుడు వినలేదు. తల ఎత్తేసరికి నాగేంద్రబాబు గుమ్మంలో నిలబడి ఉన్నాడు. చెప్పులు బయట విడిచాడు. కారం మర ముందు ఎవరూ చెప్పులు విడవరు.

"కూర్చోండన్నయ్యగారూ."

కూర్చున్నాడు. కుర్చీ అంచున. సుబేదారు నిన్న తన దగ్గరికి కూడా వచ్చి అదే ప్రశ్న అడిగాడట. మీ స్టోరేజీకి ఏదన్నా అయితే ఎట్టా అని. కొంత సరుకు ఇంకో చోట ఉంచకపోతే పెద్ద వాటా తగ్గిస్తామన్నాడట. ఆయన ఇదంతా రోకళ్ల చప్పుడు మధ్య, గొంతు పెంచకుండా చెప్పాడు. వినడానికి ఖుర్షిదా ముందుకి వంగాల్సి వచ్చింది.

"మీ ఊళ్లో అటకలు ఇంకా ఖాళీగా ఉన్నాయటగా. నా బస్తాలు కొన్ని పెట్టుకోనిస్తే... వచ్చే ఏడు చోటు సంగతి అన్నాను కదా, అది మర్చిపో. నీకు ఎప్పుడూ చోటుంటుంది."

సుబ్బరావమ్మ పీట మీద నుంచి చూస్తోంది. బుడే మోటారు దగ్గర నుంచి చూస్తున్నాడు. రెండు రోజుల కిందట ఆయన కుర్చీ ముందు ఆమె నిలబడినట్టే ఇప్పుడు ఆమె ముందు ఆయన కూర్చున్నాడు. సరే అంటే వచ్చే ఏడు రైతుల భయం తీరిపోతుంది. పెద్దమనిషికి సాయం చేసినట్టూ ఉంటుంది. కాదంటే కసి తీర్చుకుందంటారు. నిజానికి ఆమెకి కసి లేదు. ఆ కుర్చీ అంచున కూర్చున్న మనిషిని చూస్తే జాలేసింది.

ఆమె మోటారు ఆపమని బుడేకి సైగ చేసింది. రోకళ్లు ఒకదాని తర్వాత ఒకటి ఆగాయి. ఊళ్లో ఎక్కడో చంటిపిల్ల ఏడుపు వినపడింది.

"పెట్టుకోనివ్వలేనన్నయ్యగారూ," అంది. "మీ మీద కోపం లేదు. మీ బస్తాలు మా అటకెక్కితే మళ్లీ మనిద్దరం ఒకటే అయిపోతాం. మా ఊరికేదన్నా అయితే మీదీ పోతది. అప్పుడు ఆ మంచు మీద పిల్లలు మళ్లీ తెల్ల కూరే తినాలి."

నాగేంద్రబాబు తల దించుకుని తన కాళ్ల వంక చూసుకున్నాడు. పాదాలకి ఎర్రటి దుమ్ము అంటుకుంది.

"గొట్టిపాడులో అడగండి," అంది ఆమె. "అక్కడా అటకలున్నయ్యి. అత్తా, గొట్టిపాడులో నీ ఆడపడుచుందిగా? వేపాకు ఎట్టా పరవాలో కబురు చెయ్యి."

"చేస్తాలే," అంది సుబ్బరావమ్మ. "ఇదిగో బాబూ, అక్కడ మా వదినకి ఇంకో మాట కూడా చెప్పు. బస్తాల్లో ఉప్పు చల్లొద్దని. చెప్పకపోతే చల్లుద్ది. మా ఇంటి ఆడపడుచేగా."

నాగేంద్రబాబు నవ్వాడు. నవ్వుతుంటే కారం గొంతుకి తగిలి తుమ్మాడు, ఇంకోసారి తుమ్మాడు. ఖుర్షిదా లేచి వెళ్లి తను తాగని నీళ్లు గ్లాసులో పోసి ఆయనకిచ్చింది. బుడే మోటారు వేశాడు.